లూబియె బి జెయ్త్: ఆలివ్ నూనెలో మగ్గిన లెబనాన్ బీన్స్ కూర

పోపు లేదు, పసుపు లేదు, కారప్పొడి లేదు. బీన్స్, ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటా, ఉప్పు, ఆలివ్ నూనె ఉంటే చాలు. లెబనాన్‌లో వేసవి వచ్చిందంటే ఇళ్ళలో తరచూ వండే కూర ఇది. పేరు లూబియె బి జెయ్త్, అంటే నూనెలో వండిన బీన్స్. అక్కడ జెయ్త్ అంటే ఆలివ్ నూనె అనే అర్థం, ప్రత్యేకించి చెప్పక్కర్లేదు. గంటకు పైగా సన్న సెగ మీద మగ్గిస్తారు, పూర్తిగా చల్లారనిచ్చి రొట్టెతో తింటారు.

సరుకులు ఇంత తక్కువగా ఉన్న వంటలో తప్పు దాచుకోవడానికి మసాలా ఉండదు. అందుకే ఏది ముందు వేయాలి, ఏది తర్వాత వేయాలి, ఎంతసేపు వదిలేయాలి అన్న మూడు విషయాల మీదే రుచి మొత్తం ఆధారపడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే చాలా వంటకాల్లో బీన్స్, టమాటా ఒకేసారి వేసి పావుగంటలో దించేయమంటారు. అలా చేస్తే వచ్చేది టమాటా రసంలో ఉడికిన బీన్స్. తినొచ్చు, కానీ లెబనాన్‌లో తినే రుచి మాత్రం అది కాదు.

లెబనాన్ వంటల్లో ఇలా నూనెతో వండి చల్లగా తినే కూరలది ఒక పెద్ద కుటుంబం. బెండకాయతో చేస్తే బామియె బి జెయ్త్, చేదు ఆకుకూరతో చేస్తే హింద్‌బె బి జెయ్త్. వీటిలో మాంసం ఉండదు, నెయ్యి ఉండదు, పాలు పెరుగు ఉండవు. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాల్లో అక్కడి క్రైస్తవులు మాంసం, పాడి మానేసినప్పుడు ఈ కూరలే కడుపు నింపుతాయి. అలాగని ఇది ఒక మతం వాళ్ళ వంట కాదు, ముస్లింల ఇళ్ళలోనూ ఇంతే మామూలు. 1516 నుంచి 1918 దాకా లెబనాన్ ఒట్టోమన్ పాలనలో ఉంది. ఆ సామ్రాజ్యపు వంటిళ్ళ వారసత్వం టర్కీలో జెయ్తిన్‌యాలె తాజె ఫసూల్యె అనీ, గ్రీసులో ఫసొలాకియా అనీ దాదాపు ఇదే రూపంలో కనిపిస్తుంది. బీన్స్, టమాటా రెండూ కొలంబస్ తర్వాత అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కాబట్టి, ఇప్పుడున్న రూపంలో ఈ కూర వయసు కొన్ని వందల ఏళ్ళు దాటదు. టమాటా, మిరపకాయ మన వంటింట్లోకి వచ్చిన కథా అదేగా.

కావలసినవి (నలుగురికి)

- బీన్స్: 750 గ్రాములు
- ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె: 120 మి.లీ. (100 వండడానికి, మిగతాది చివర్లో పైన పోయడానికి)
- ఉల్లిపాయలు: మధ్యరకం 2
- వెల్లుల్లి: పెద్ద రెబ్బలైతే 10, మన చిన్న రెబ్బలైతే 20 దాకా
- బాగా పండిన టమాటాలు: 600 గ్రాములు
- టమాటా పేస్ట్: 1 టేబుల్ స్పూన్
- ఉప్పు: ఒకటిన్నర టీస్పూన్లు, తర్వాత రుచి చూసి
- మిరియాల పొడి: అర టీస్పూన్
- ఆల్‌స్పైస్ పొడి: పావు టీస్పూన్ (ఉంటేనే)

ఆల్‌స్పైస్ గురించి ఒక మాట. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడూ కలిసినట్టుండే వాసన దీనిది. లెబనాన్‌లో కొన్ని ఇళ్ళలో ఇది వేస్తారు, కొన్ని ఇళ్ళలో ఏడు దినుసుల పొడి, సబ్ఆ బహారాత్, చిటికెడు వేస్తారు, చాలా ఇళ్ళలో ఏదీ వేయరు. దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగకండి. గరం మసాలా మాత్రం బదులుగా వేయొద్దు, అందులోని ఏలకులు, జీలకర్ర బీన్స్ వాసనను మింగేస్తాయి.

బీన్స్ ఎంపిక

లెబనాన్‌లో ఈ కూరకు వాడేది వెడల్పుగా, బల్లపరుపుగా ఉండే కాయ. బద్రియె అనే రకానికి మంచి పేరు. వెడల్పు కాయలో కండ ఎక్కువ కాబట్టి ఎంతసేపు మగ్గినా చితికిపోదు, నూనెను బాగా పీల్చుకుంటుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు రొమానో బీన్స్ అని అడగండి, బ్రిటన్‌లో హెల్డా అన్న పేరుతో దొరుకుతాయి. గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్ళకు ఇవి వెతకాల్సినవే కావు, అక్కడి కూరగాయల దుకాణాల్లో ఉంటాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటే మామూలు బీన్స్ తీసుకోండి, చాలా బాగా వస్తుంది. లేతగా, విరిస్తే టక్కున విరిగేలా ఉండాలి. లోపలి గింజలు పైకి ఉబ్బి కనిపిస్తుంటే ముదిరాయని అర్థం. గంటన్నర మగ్గినా ఆ పీచు నోటికి తగులుతూనే ఉంటుంది. బొబ్బర్ల కాయలతో కూడా చేయొచ్చు, లేతవైతే సరే. చిక్కుడుకాయకు సొంత వాసన గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయండి. గోరుచిక్కుడు అసలే వద్దు, దాని చేదును టమాటా ఇంకా పైకి తెస్తుంది.

కడిగాక చిల్లుల గిన్నెలో వేసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి కాయలు నూనెలో పడితే ముందు చిటపటలాడి, తర్వాత ఆ నీళ్ళలో ఉడకడం మొదలుపెడతాయి. మనకు కావలసింది ఉడకడం కాదు, మగ్గడం. ఆరాక రెండు కొనలూ తుంచి, ఈనెలు లాగేయండి. ఈ మధ్య వచ్చే బీన్స్‌లో ఈనెలు తక్కువే, కానీ నాలుగైదు కాయలు లాగి చూడకుండా లేవని అనుకోవద్దు. ముక్కలు రెండంగుళాల పొడవుండాలి, అంటే కాయను రెండుగానో మూడుగానో విరిస్తే చాలు. వేపుడుకు తరిగినట్టు సన్నగా తరిగితే చివరికి ముక్క మిగలదు.

నూనె గురించి

నలుగురికి 120 మిల్లీలీటర్లా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కొలత చదివి సగానికి తగ్గిస్తారు. తగ్గించవద్దని గట్టిగా చెబుతాను. ఈ కూరలో నూనె ఒక సరుకు, వేయించడానికి వాడే సాధనం కాదు. టమాటా రసం, ఉల్లిపాయ నీరు, ఈ నూనె కలిసి చిక్కబడితేనే గుజ్జు తయారవుతుంది. నూనె తగ్గితే కింద పుల్లటి నీళ్ళు, పైన బీన్స్ మిగులుతాయి. లెక్క కావాలంటే, 120 మి.లీ. నూనెలో సుమారు 970 కేలరీలుంటాయి, మనిషి వాటాకు 240 చొప్పున వస్తాయి. మాంసం, నెయ్యి, జీడిపప్పు ఏదీ లేని భోజనానికి అది భారం కాదు.

సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. మన దగ్గర వంటకోసమని అమ్మే ఆలివ్ నూనెల్లో చాలా వాటి మీద చిన్న అక్షరాలతో పోమేస్ అని ఉంటుంది. నూనె పిండేశాక మిగిలిన పిప్పి నుంచి ద్రావకంతో లాగి, శుద్ధి చేసిన నూనె అది. ఆలివ్ వాసన దాదాపు ఉండదు. లైట్ అని రాసి ఉన్నది కూడా శుద్ధి చేసినదే, కేలరీలు మాత్రం అంతే ఉంటాయి. ఈ రెండూ ఈ వంటకు పనికిరావు. ఎక్స్‌ట్రా వర్జిన్ కావాలి, ముదురు రంగు సీసాలోనో డబ్బాలోనో ఉన్నది, వీలైనంత కొత్తది. మూత తీసి వాసన చూస్తే పచ్చి గడ్డి, పచ్చి కాయ గుర్తుకు రావాలి. పాత నూనె వాసన వస్తే వాడకండి. ఎక్స్‌ట్రా వర్జిన్‌ను వేడి చేయకూడదనే మాట విని భయపడకండి. అది పొగరావడానికి 190 డిగ్రీల సెల్సియస్ దాటాలి, మన గిన్నెలో కూర మగ్గేది 100 డిగ్రీల దగ్గర.

లెబనాన్‌లో ఉత్తరాన కూరా, దక్షిణాన హస్‌బయా ప్రాంతాలు ఆలివ్ తోటలకు పేరుపడ్డాయి. అక్టోబరు, నవంబరుల్లో కాయ కోసి గానుగ ఆడించాక చాలా కుటుంబాలు ఏడాదికి సరిపడా నూనెను డబ్బాల్లో తెచ్చి పెట్టుకుంటాయి. ఏడాది పచ్చడికి మనం గానుగ నూనెను చూసి చూసి కొంటాం కదా, అంత శ్రద్ధ అక్కడ నూనె విషయంలో ఉంటుంది. పల్లీ నూనెతోనో పొద్దుతిరుగుడు నూనెతోనో ఈ కూర వండితే మంచి బీన్స్ టమాటా కూరే వస్తుంది, కానీ పేరు మార్చి పిలవాలి.

గిన్నె, టమాటా, వెల్లుల్లి

అడుగు మందంగా, వెడల్పుగా, మూత బిగువుగా పట్టే స్టీలు గిన్నె మంచిది. ఇనుప మూకుడు, సత్తు గిన్నె వద్దు. టమాటా పులుపు గంటసేపు వాటితో ఉంటే లోహం రుచి దిగుతుంది, ఇనుములో అయితే కూర నల్లబడుతుంది కూడా.

టమాటాలను అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపును కొబ్బరి తురుమే పళ్ళమీద రుద్దండి. గుజ్జంతా గిన్నెలోకి దిగి, తొక్క చేతిలో మిగిలిపోతుంది. మిక్సీలో వేస్తే గాలి కలిసి నురుగు వస్తుంది, తొక్క ముక్కలు కూడా కూరలో పడతాయి. నాటు టమాటాలు రసంగా, పుల్లగా ఉంటాయి. వాటితో చేస్తే అర టీస్పూన్ చక్కెర వేయండి. హైబ్రిడ్ రకాల్లో రంగు, రుచి పలుచన కాబట్టి పేస్ట్ తప్పకుండా పడాలి.

వెల్లుల్లి దంచొద్దు, తరగొద్దు. రెబ్బలు పొట్టు తీసి అలాగే వేయాలి. గంట తర్వాత అవి వెన్నలా మెత్తబడి, ఘాటు పోయి తియ్యగా మారతాయి. తినేటప్పుడు రొట్టె ముక్కతో ఒక రెబ్బను నలిపి గుజ్జులో కలుపుకోవడం ఈ కూరలో ఉన్న పెద్ద సుఖాల్లో ఒకటి.

వండే విధానం

గిన్నెలో 100 మి.లీ. నూనె పోసి మధ్యస్థమైన సెగ మీద పెట్టండి. నూనె కాగేదాకా ఆగక్కర్లేదు, గోరువెచ్చగా ఉండగానే సన్నగా నిలువుగా తరిగిన ఉల్లిపాయలు వేయండి. చిటికెడు ఉప్పు వేసి, సెగ తగ్గించి, ఎనిమిది నుంచి పది నిమిషాలు కలుపుతూ ఉండండి. అద్దంలా మెరిసి మెత్తబడాలి, అంచులు కాస్త బంగారు రంగుకు తిరిగినా ఫరవాలేదు. బిర్యానీకి వేయించినంత ఎర్రగా అయితే ఆ రుచి కూరంతా కమ్మేస్తుంది. ఇప్పుడు వెల్లుల్లి రెబ్బలు వేసి రెండు నిమిషాలు తిప్పండి. వెల్లుల్లి మాడితే చేదు దిగుతుంది, ఆ చేదును తర్వాత ఏదీ పోగొట్టలేదు.

తర్వాత బీన్స్, మిగతా ఉప్పు వేసి, ప్రతి ముక్కకూ నూనె పట్టేలా బాగా కలపండి. మూత పెట్టి సెగ పూర్తిగా తగ్గించండి. నీళ్ళు పోయకండి. ఉప్పు తగిలిన బీన్స్ తమలోని నీటిని తామే వదులుతాయి, ఆ ఆవిరిలోనే మగ్గుతాయి. నాలుగైదు నిమిషాలకొకసారి మూత తీసి అడుగు నుంచి పైకి కలపండి. మూతకు పట్టిన నీటిబొట్లను గిన్నెలోకే జారనివ్వండి. మరీ అడుగంటుతోందనిపిస్తే రెండు చెంచాల నీళ్ళు చిలకరించండి, అంతకు మించి వద్దు.

ఈ మెట్టు 20 నిమిషాలు పడుతుంది. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ముందు బీన్స్ పచ్చగా, నిగనిగలాడుతూ కనిపిస్తాయి. ఆ రంగు చూసి టమాటా పోసేయాలనిపిస్తుంది. ఆగండి. పది నిమిషాలు దాటాక ఆ నిగారింపు తగ్గి, చర్మం ముడతలు పడి, ముక్కలు వాలిపోతాయి. ఒక ముక్కను గరిటెతో తీసి కాస్త ఆరాక వంచి చూడండి. విరగకుండా మెత్తగా వంగితే సిద్ధమైనట్టు.

ఇంత పట్టుదల ఎందుకంటే, టమాటాలో పులుపు ఉంది. కాయల కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ లాంటి పదార్థాలు పులుపు తగిలితే కరగడానికి మొరాయిస్తాయి. పప్పు మెత్తగా ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే ఇక ఆ పప్పు ఉడకదని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే. బీన్స్ ముందు నూనెలో మెత్తబడితే, తర్వాత టమాటా ఎంతసేపు ఉన్నా అవి గట్టిపడవు.

ఇప్పుడు మూత తీసి, బీన్స్‌ను పక్కకు జరిపి, గిన్నె మధ్యలో టమాటా పేస్ట్ వేసి ఒక నిమిషం నూనెలో వేగనివ్వండి. పచ్చి వాసన పోయి రంగు ముదురుతుంది. మిరియాల పొడి, ఆల్‌స్పైస్ వేసి కలపండి. తురిమిన టమాటా గుజ్జు పోయండి. సెగ పెంచి ఒక పొంగు రానిచ్చి, మళ్ళీ పూర్తిగా తగ్గించి మూత పెట్టండి. బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి వస్తూ ఉంటే సెగ సరిగ్గా ఉన్నట్టు.

ముప్పై నిమిషాలు అలా వదిలేయండి, మధ్యలో రెండుసార్లు నెమ్మదిగా కలిపితే చాలు. తర్వాత మూత ఓరగా పెట్టి మరో పది పదిహేను నిమిషాలు ఉంచితే మిగిలిన నీరు ఆవిరైపోతుంది. అయిందని చెప్పే గుర్తులు: అంచుల వెంట ఎర్రటి నూనె తేలాలి, బీన్స్ ముక్కను రెండు వేళ్ళతో నొక్కితే ఏ అడ్డూ లేకుండా నలగాలి, అయినా గిన్నెలో ఆకారం నిలిచి ఉండాలి, గుజ్జు గరిటెకు పట్టి జారాలి.

రంగు చూసి మాత్రం కంగారు పడకండి. బీన్స్ ముదురు ఆలివ్ రంగుకు, ఇంచుమించు ఖాకీకి మారతాయి. పులుపు, వేడి కలిసి ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితంలోంచి మెగ్నీషియంను తప్పిస్తాయి, అందుకే ఈ మార్పు. పచ్చగానే ఉంచాలని వంట సోడా వేస్తే బీన్స్ జిగురుగా, సబ్బు రుచితో తయారవుతాయి. ఈ కూరకు ఇదే సరైన రంగు.

కుక్కర్‌లో పెట్టొచ్చా అని అడిగితే, వద్దంటాను. మూసిన కుక్కర్‌లో నీరు ఆవిరైపోదు కాబట్టి గుజ్జు చిక్కబడదు, ముక్కలు మాత్రం పేలిపోతాయి. ఫ్రోజెన్ బీన్స్ అయితే వాడొచ్చు. అవి ముందే కొంచెం ఉడికినవి కనుక నూనెలో 10 నిమిషాలు, టమాటాలో 25 నిమిషాలు సరిపోతాయి. కరగబెట్టి, నీరు వంపేసి, గుడ్డతో అద్దాకే వేయాలి.

చల్లార్చడం, తినడం

పొయ్యి కట్టేసి, మూత పెట్టి, కనీసం గంటసేపు ముట్టుకోవద్దు. దించిన వెంటనే తింటే పులుపు, నూనె విడివిడిగా నాలుకకు తగులుతాయి. చల్లారే కొద్దీ గుజ్జు దగ్గరపడి బీన్స్‌లోకి దిగుతుంది, ఉల్లి వెల్లుల్లుల తీపి తెలుస్తుంది. ఉప్పు కూడా అప్పుడే రుచి చూసి సరిచేయండి. వెడల్పాటి పళ్ళెంలోకి తీసి, మిగిలిన 20 మి.లీ. నూనెను పచ్చిగా పైన పోయండి.

లెబనాన్‌లో దీన్ని చెంచాతో కాదు, రొట్టెతో తింటారు. ఖుబ్జ్ అనే పలుచటి రొట్టెను తుంచి, మడిచి, దాంతోనే కూరను తీసుకుంటారు. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ముల్లంగి, పుదీనా కొమ్మలు, ఆలివ్ కాయలు ఉంటాయి. పిటా రొట్టె దొరికితే అదే మేలు. లేదంటే పుల్కాలు చేసుకోండి. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిపాయ అలవాటున్న ఇళ్ళలో ఈ కూర ఇట్టే కలిసిపోతుంది. కారం లేకపోతే ముద్ద దిగదనేవాళ్ళు పక్కన పచ్చిమిరపకాయ కొరుక్కోవచ్చు. కూరలో కలపకుండా ఉంటే దాని రుచి దానికే ఉంటుంది.

అన్నంతో తినాలనుకుంటే లెబనాన్ వాళ్ళకు దీనికి అక్కలాంటి మరో కూర ఉంది, లూబియె బి లహ్మ్. అందులో ఆలివ్ నూనెకు బదులు ఎక్కువగా నెయ్యి వాడతారు, మాంసం వేస్తారు, వేడివేడిగా వడ్డిస్తారు. అర కిలో మటన్ ముక్కలను నెయ్యిలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయ వేసి, మునిగేలా నీళ్ళు పోసి మెత్తబడేదాకా ఉడికించుకోవాలి. బీన్స్‌ను వేరే గిన్నెలో పైన చెప్పినట్టే మగ్గించి, మాంసాన్ని దాని రసంతో సహా టమాటాతో పాటు కలపాలి. పక్కన సేమియా అన్నం ఉండాలి. రెండు చెంచాల నెయ్యిలో గుప్పెడు సన్న సేమియాను బాగా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, అందులో కడిగి వడకట్టిన గ్లాసు బియ్యం వేసి ఒక నిమిషం తిప్పి, ఉప్పు, బియ్యానికి తగ్గ నీళ్ళు పోసి మూత పెడితే అయిపోతుంది. సేమియా రంగు లేతగా ఉన్నప్పుడే నీళ్ళు పోస్తే తెల్లగా పాలిపోయి అన్నంలో కనిపించదు, కాబట్టి మాడకుండా వీలైనంత ముదరనివ్వండి.

మిగిలితే

మాంసం లేని కూర మరునాటికి ఇంకా బాగుంటుంది, అందుకే ముందురోజు సాయంత్రమే వండిపెట్టుకోవడం మంచి పద్ధతి. చల్లారాక బయట ఎక్కువసేపు ఉంచొద్దు. మన ఎండాకాలంలో గంట దాటకముందే మూత ఉన్న గాజు డబ్బాలో ఫ్రిజ్‌లోకి చేరాలి, వెల్లుల్లి నూనెలో ఉన్న వంటలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. మూడు రోజులు నిలవ ఉంటుంది. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె తెల్లగా గడ్డకడుతుంది, అది పాడైన గుర్తు కాదు. తినడానికి అరగంట ముందు బయట పెడితే కరిగిపోతుంది. పొయ్యి మీద మళ్ళీ వేడి చేయొద్దు. మరీ చల్లగా ఉందనిపిస్తే డబ్బాను కాసేపు గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి.